డైరెక్టరు గారి చేతి టీ

ఆరేళ్ల కిందట తాగిన ఒక కప్పు టీ నాకింకా అరగలేదు. అల్లం టీ. చక్కెర ఒక చెంచా ఎక్కువ. దాని మీద ఎన్ని జీలకర్ర కషాయాలు పోశానో, ఎన్ని మాత్రలు మింగానో లెక్కలేదు. అది అక్కడే, రొమ్ము ఎముక కింద, చల్లారకుండా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కనక చెబుతాను. నేనెవరో మీకు తెలియదు కనక మీరు వింటారు. ఇద్దరికీ క్షేమం.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో నా మాటని పదితో భాగించి వింటారు. 'మెహిదీపట్నం దాకా ఐదు గంటలు పట్టింది' అంటే మా ఆవిడ పిల్లలకి 'అరగంట' అని చెబుతుంది. ఖాజాగూడ రాళ్ల దగ్గర కొండచిలువను చూశానని చెబితే మా అమ్మాయి 'తొండా, నాన్నా?' అని అడుగుతుంది. నాకు కోపం రాదు. అది తొండే. కానీ తొండని తొండ అని చెబితే వినేవాడెవడు? అందుకని కింద రాసినదాంట్లో కొన్ని అంకెలు బలిసి ఉంటాయి, కొందరు మనుషులు పొడుగై ఉంటారు. అవి మీరే సర్దుకోండి. ఒక్క చోట మాత్రం పూర్తిగా లేనిది కల్పించాను. అది ఎక్కడో చివర్లో చెబుతాను. చెప్పకుండా తప్పించుకుంటానేమోనని నాకు నా మీదే అనుమానం. అందుకే ఇక్కడే మాట ఇచ్చేస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా. హైదరాబాదు వచ్చి పాతికేళ్లు దాటింది. మదీనాగూడలో ఫ్లాటు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఏం ఉద్యోగం అంటే చెప్పడం కష్టం. కంప్యూటర్ ఉద్యోగం అనుకుని మా ఊళ్లో గౌరవిస్తారు. నిజానికి నాది అనుమానించే ఉద్యోగం. విదేశంలో ఒక పెద్ద కంపెనీ ఉంటుంది. వాళ్ల సరుకు కొన్నవాళ్ల ఫిర్యాదులు వినడానికి ఇక్కడ ఒక చిన్న కంపెనీని పెట్టుకోవాలనుకుంటుంది. ఆ చిన్న కంపెనీ నిజంగా ఉందా, గాలిలో మేడా అని చూసి రావాలి. వాళ్లు అంత దూరం నుంచి రాలేరు. మేము వెళతాం. చూసి రిపోర్టు రాస్తాం. దానికి ముప్పై రెండు ప్రశ్నల ఫారం ఉంటుంది. పేరు బోర్డు ఉందా? కుర్చీలెన్ని? మంటలార్పే సిలిండరు ఉందా? సంస్థ డైరెక్టరును స్వయంగా కలిశారా? ప్రతి ప్రశ్నకీ పక్కన రెండు గళ్లు. అవును. కాదు.

'కాదు' గడిలో ఎవరూ టిక్కు పెట్టరు. అది మా ఆఫీసు ఆచారం. ఎవరూ వద్దని చెప్పలేదు. కానీ ఒక్క 'కాదు' పడితే రిపోర్టు తిరిగొస్తుంది. మళ్లీ వెళ్లాలి, మళ్లీ రాయాలి, ఎందుకు కాదో ఇంకో ఫారం నింపాలి, ఆ ఫారం ఎందుకు నింపావని మేనేజరు అడిగితే నిలబడి చెప్పాలి. రోజుకి మూడు కంపెనీలు చూడాలి మరి. 'అనుమానంగా ఉంది' అనే గడి లేనే లేదు. అనుమానించడానికి జీతమిచ్చి, అనుమానం రాసుకోవడానికి చోటివ్వని ఫారం అది.

చివర మాత్రం 'ఇతర విషయాలు' అని మూడు గీతలు ఉండేవి. ఆ మూడు గీతలే నా కళా వేదిక. అందరూ అక్కడ 'ఏమీ లేవు' అని రాస్తే నేను ఇంగ్లీషులో కావ్యాలు అల్లేవాణ్ణి. పన్నెండు కుర్చీల గదిని పని తేనెపట్టు అనేవాణ్ణి. దుమ్ము పట్టిన గాజు తలుపును పారదర్శకతకి ప్రతీక చేసేవాణ్ణి. విదేశంలో దొరలు నా రిపోర్టుల్ని కాఫీ తాగుతూ ఒకరికొకరు చదివి వినిపించుకుంటారని మా మేనేజరు చెప్పేవాడు. ఆ మాటకి నేను నాలుగంగుళాలు పొడుగయ్యాను. మా మేనేజరు కూడా అతిశయోక్తి మనిషేనేమో అని అప్పుడు అనుమానం రాలేదు. పొగిడేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

ఇక ఆ రోజు.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం, నాలుగో అంతస్తు. మధ్యాహ్నం రెండు గంటలు. తలుపు పక్కన ఇత్తడి బోర్డు. దాని మర మేకులు నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. నా ముక్కు మొదట అక్కడ దురద పెట్టింది. లోపల కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కిటికీలకి లోపలి నుంచి నల్ల కాయితం. మూలన కుండీలో మొక్క; ఆకు గిల్లి చూశాను, గిల్లు పడలేదు. గోడ గడియారం ఉదయం తొమ్మిదిన్నర చూపిస్తోంది. చెడిపోయిందనుకున్నాను. కాదు, అది ఇంగ్లండు టైము. ఓ నాలుగు వందల మంది కుర్రాళ్లు, అంటే నలభై మంది, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరితోనో బతిమాలుతున్నట్టు, భయపెడుతున్నట్టు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఒకడు "దిస్ ఈజ్ స్టీవ్ స్పీకింగ్" అని చెప్పి, ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగి "అన్నా, నా బిర్యానీల లెగ్ పీస్ రాలే" అని అరిచాడు.

ఎండీ అని చెప్పుకున్న మనిషి నాకు ఎదురొచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. నవ్వితే ముప్పై ఆరు పళ్లు. మా జిల్లా యాస విని నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆ ప్రాణమే, ఇంత త్వరగా మనవాడు ఎలా అయ్యాడని అనుమానించింది. నేను ఫారం తీశాను. కంపెనీ డైరెక్టరు పేరు, ఆధార్ ఫోటో నకలు ముందే మాకు వచ్చి ఉంటాయి. పేరు బాలమణి. ఫోటోలో నలభై దాటిన స్త్రీ, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న కోత మచ్చ.

డైరెక్టరు గారిని కలవాలన్నాను. "మేడం ఫారిన్ టూర్‌లో ఉన్నారండీ, వచ్చే నెల వస్తారు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ టీ ట్రే పట్టుకుని వచ్చింది. నీలం రంగు హౌస్‌కీపింగ్ కోటు, చెవి వెనక దోపుకున్న పెన్ను, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ.

ఫారిన్ టూర్‌లో ఉన్న మనిషి నా ముందు సాసర్ పెట్టి, "చాయ్ దీస్కో సారూ" అంది.

నేను ఎండీ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఆ ముప్పై ఆరు పళ్లూ అలాగే ఉన్నాయి. నేను చూశానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఇలాంటి చోట్ల లంచం ఇస్తారని మీరనుకుంటారు. ఇవ్వలేదు. నేను తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఎంత బాగుండేది! లంచమైతే ఏదో ఒకరోజు తిరిగి ఇచ్చేయొచ్చు, గుడి హుండీలోనైనా వేయొచ్చు. తాగిన టీని ఎవరికి తిరిగిస్తాం?

ఆయనకి ఫోనొచ్చి బాల్కనీలోకి వెళ్లాడు. నేను చెయ్యి కడుక్కునే నెపంతో టీ కాచే గదిలోకి వెళ్లాను. నెపం ఎందుకో? అనుమానం తీర్చుకోవడానికా? నేను ఎంత తెలివైనవాణ్ణో నాకు నేనే చూపించుకోవడానికా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడ గిన్నె తోముతోంది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది. తలుపు వైపు ఒకసారి చూసింది.

"సారూ, జర ఒక్క మాట అడుగుత. ఏమనుకోకు."

"చెప్పండమ్మా."

"నువ్వు సర్కారు మనిషివా?"

"కాదమ్మా. కాయితాలు చూసేవాణ్ణి."

"గదే గావాలె నాకు." గొంతు తగ్గించింది. "మొన్న మా సారు నాతోని శానా కాయితాలల్ల సంతకం వెట్టిచ్చుకున్నడు. ఫోటో దీసిండు. వేలు గూడ మిషిన్ల వెట్టిచ్చిండు. ఏంది సారూ గివన్ని అంటే, నీ పీఎఫ్ కోసమే అన్నడు. ఊడ్సేదానికి గన్ని కాయితాలా?"

నేను కుళాయి తిప్పి చేతులు తడుపుకున్నాను.

"మా అక్క బిడ్డ ఏమంటదంటే, ఉత్తగ ఎవ్వలు గన్ని సంతకాలు తీస్కోరు చిన్నమ్మా, ఎవలన్న సదువుకున్నోళ్లను అడుగు అంటది. అప్పటి సంది నాకు బుగులైతున్నది. నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు సారూ, గవి పీఎఫ్ కాయితాలేనా?"

నా ఫైల్లో ఆవిడ ఫోటో ఉంది. చంకలో పెట్టుకున్నాను. చెమటకి అది నా చొక్కాకి అంటుకుపోయింది. అంత స్పష్టంగా నన్ను జీవితంలో ఎవరూ ఏమీ అడగలేదు. అవును. కాదు. రెండే గళ్లు.

"పీఎఫ్‌వేనమ్మా" అన్నాను. "అందరి దగ్గరా అలాగే తీసుకుంటారు. మీరేం భయపడకండి."

"గట్లనా!" ఆవిడ భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి పైకి ఉన్నాయని నేను గమనించలేదు. "సల్లంగుండు సారూ. ఇగ నా ఫికరు వాయె. ఉండుండు, గా చాయ్ సల్లారింది, వేరేది వోస్త."

అల్లం దంచి, కొత్తగా పెట్టి, చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసి ఇచ్చింది. నేను తాగాను. నిలబడి, మొత్తం తాగాను.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? ఆరేళ్లుగా ఈ ప్రశ్నని తిప్పి తిప్పి చూస్తున్నాను. ఎండీ వింటాడని భయమా? ఆయన బాల్కనీలో ఉన్నాడు. మేనేజరు తిడతాడనా? ఆయన తిట్లు నాకు కొత్త కాదు. ఆవిడ భయపడుతుంటే ఓదార్చాలనిపించిందా? ఈ సమాధానం నాకు చాలా నచ్చింది, నచ్చింది కనకే దాని మీద నాకు నమ్మకం లేదు. అసలు సంగతి ఇది అనుకుంటాను: కాదమ్మా అంటే, ఆవిడ వెంటనే 'మరి నేనేం జెయ్యాలె సారూ?' అని అడిగేది. ఆ రెండో ప్రశ్నకి నేను ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది. ఆ రోజు నేను ఇంకా రెండు కంపెనీలు చూడాలి.

సాయంత్రం రిపోర్టు రాశాను. పంతొమ్మిదో ప్రశ్న: డైరెక్టరును స్వయంగా కలిశారా? అవును. ఇది అబద్ధం కాదు కదా అనిపించి, నాలో చిలిపితనం లేచి కూర్చుంది. 'ఇతర విషయాలు' దగ్గర నా జీవితంలోకెల్లా గొప్ప మూడు గీతలు రాశాను. వాటిని తెలుగులో చెబితే ఇలా ఉంటాయి: 'సంస్థ డైరెక్టరు ఎంతో నిరాడంబరురాలు. సిబ్బందిలో ఒకరిగా కలిసిపోయి పనిచేస్తారు. వచ్చిన అతిథికి తన చేతులతో టీ కాచి ఇస్తారు.'

చూశారా? వెయ్యి రిపోర్టులు రాశాను, ఒక్కోదాంట్లో తక్కువలో తక్కువ ఏడు గోరంతలు కొండంతలయ్యాయి. ఈ ఒక్కదాంట్లో మాత్రం పిసరంత అతిశయోక్తి లేదు. ప్రతి మాటా నిజం. చెడంతా అందులోనే ఉంది.

ఆ మూడు గీతలు విదేశంలో బాగా పేలాయట. నిరాడంబర నాయకత్వం అంటూ మెచ్చుకున్నారట. పని వీళ్లకే దక్కింది, ఎందుకంటే అందరికన్నా చవగ్గా చేస్తామన్నది వీళ్లే. ఎలా అంత చవక అని ఎవరూ అడగలేదు. సరుకు కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా మొత్తం వీళ్ల చేతికి వచ్చింది. వీళ్లకి కావలసింది ఆ జాబితానే. ఫిర్యాదులు వినడం పేరుకే. ఇంగ్లండులో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి ఫోన్ చేసి, మీ కంప్యూటర్లో దొంగలు పడ్డారని బెదరగొట్టి, బ్యాంకు ఖాతాల తాళాలు వాళ్ల చేతే తీయించి, ఉన్నదంతా ఊడ్చేసేవారు.

దొంగలంటే చీకటి సందుల్లో ఉంటారని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. దొరలంటే మేడల్లో. మధ్యలో పెద్ద గోడ. ఇన్నేళ్లు హైటెక్ సిటీలో తిరిగాక ఆ గోడ ఎక్కడుందో వెతికితే నాకు కనిపించింది గోడ కాదు, నా ఫారం. పెద్ద కంపెనీకి దొంగ అక్కర్లేదు. చవకవాడు కావాలి. ఆ చవక ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకుండా ఉండడం కావాలి. ఊరికే తెలియకపోతే చాలదు. తెలుసుకోవాలని చూశాం, తెలియలేదు అనడానికి సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యం అమ్మే అంగడి మాది. దొంగకి కూడా అదే సరుకు కావాలి. ఒకే కాయితం ఇద్దరికీ సరిపోతుంది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనక్కర్లేదు. మధ్యలో నేను, చెవి వెనక దోపుకున్న పెన్నుతో... కాదు, పెన్ను ఆవిడ చెవి వెనక ఉంది. నాది జేబులో ఉంది. సంతకాలు ఆవిడవి. నా రిపోర్టు మీద నా పేరు కూడా ఉండదు, ఒక కోడ్ నంబరు ఉంటుంది.

ఇదంతా నాకు అప్పుడు జోకు. 'ఇవాళ ఒక కంపెనీ డైరెక్టరు తన చేత్తో నాకు టీ కాచి ఇచ్చింది' అని మొదలుపెట్టి, ఫారిన్ టూర్ దగ్గర ఒక నిమిషం ఆగి, ట్రే దగ్గర పేల్చేవాణ్ణి. ఆఫీసు క్యాంటీన్లో చెప్పాను. అపార్ట్‌మెంట్ వాళ్ల గెట్ టుగెదర్లో చెప్పాను. ప్రతిసారీ ట్రే బరువు పెరిగింది. ఒకసారి అందులో సమోసాలు కూడా చేరాయి. పీఎఫ్ సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. జోకులో ఆ ముక్క సరిపడదని అనుకున్నాను. ఒక్క మా ఆవిడే నవ్వలేదు. 'ఆవిడకి తెలుసా, తను డైరెక్టరునని?' అని అడిగింది. 'తెలుసు' అన్నాను. మా ఆవిడ నా మాటని పదితో భాగిస్తుంది. దాన్ని ఎంతతో భాగించిందో నాకు తెలియదు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఎనిమిది నెలలకి ఆ ఆఫీసు మీద పోలీసులు పడ్డారు. ఎండీ అంతకు ముందు వారమే మాయమయ్యాడు. ఆయన పేరు ఏ కాయితం మీదా లేదు. ఆయన కేవలం 'సలహాదారు'. కాయితాల మీద ఉన్న పేరు ఒక్కటే. మర్నాడు పేపర్లో వేశారు. మొహానికి కొంగు కప్పుకున్న స్త్రీ, పక్కన ఇద్దరు మహిళా పోలీసులు, పైన అరచెయ్యంత అక్షరాలు: 'అంతర్జాతీయ ముఠాకు లేడీ బాస్'. విలాసాల్లో మునిగి తేలేదని, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేదని, విదేశాలు తిరిగేదని రాశారు. జీవితంలో మొదటిసారి నాకన్నా పెద్ద అతిశయోక్తి మనిషి ఎదురుపడ్డాడు. ఓడిపోయాను. నీలం కోటు మాత్రం ఫోటోలో ఉంది. ఆ కోటు ఎందుకు వేసుకుందని ఎవరూ అనుమానించలేదు.

విదేశీ కంపెనీ మా రిపోర్టు తీసి చూపించింది. మేం చేయాల్సిన తనిఖీ చేశాం, చూడండి అంది. వాళ్లు బయటపడ్డారు. మా కంపెనీ ముప్పై రెండు గళ్లూ చూపించింది. మేమూ బయటపడ్డాం. ఆ కాయితం గొడుగు కింద తడవకుండా ఎంతమంది నిలబడ్డారో! గొడుగు కాడ పట్టుకున్న మనిషి ఒక్కతే తడిసింది.

పోలీసులు మమ్మల్నీ పిలిచారు, మేనేజరునీ నన్నూ. అధికారి ముందు నా రిపోర్టు ఉంది. ఆ మూడు గీతల కింద ఎర్రగా గీసి ఉంది. ఇది మీరు రాసిందేనా అన్నారు. నేనే సార్ అన్నాను. ఇందులో అబద్ధం ఏమైనా ఉందా అన్నారు. లేదు సార్. "ఆమె ఏమో నేను ఊడ్చేదాన్ని, నాకేం తెలియదు అంటోంది. మీరు ఎదురుగా చూశారు గదా. మీకేం అనిపించింది?" అని ఆయన పెన్ను పక్కన పెట్టి అడిగారు.

మళ్లీ అదే ప్రశ్న. దేవుడున్నాడో లేడో గాని, రెండోసారి పరీక్ష పెట్టేవాడు మాత్రం ఎవడో ఉన్నాడు. బల్ల కింద మేనేజరు బూటు నా బూటుని తాకింది. గట్టిగా కూడా కాదు. "నాకేం అనిపించలేదు సార్. నేను ఫారం నింపేవాణ్ణి" అన్నాను.

ఆయన పెన్ను తీసుకుని రాసుకున్నారు. సిబ్బందిలో ఒకరిగా కలిసిపోయి పనిచేసే డైరెక్టరు. ఊడ్చే వేషం అందుకే అన్నమాట. నా చిలిపితనం సాక్ష్యమైంది.

ఏడాది తర్వాత ఆ ఉద్యోగం వదిలేశాను. మనస్సాక్షి వల్ల అని రాయాలని ఉంది. వేరే చోట మంచి ఉద్యోగం దొరికింది. ఇంకో ఏడాదికి ఒక ఆదివారం ఖాజాగూడ వెళ్లాను. ఆధార్ నకలు మీద చిరునామా నాకు కంఠతా వచ్చేసింది. చెరువు వెనక సందు. ఇంటి దాకా వెళ్లలేకపోయాను. మొదట్లో ఉన్న కిరాణా కొట్టు దగ్గర ఆగి బాలమణి గారిల్లు ఎక్కడండీ అన్నాను.

"ఎవలు, డైరెక్టరమ్మనా?" అన్నాడు కొట్టాయన. "గదే పేరు వడ్డది గిప్పుడు."

రెండు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చిందట. వాయిదా ఉన్నప్పుడల్లా కోర్టుకి పోవాలి, ఆ రోజు పని పోతుంది. పోలీసు కేసున్న మనిషిని ఇళ్లలో ఎవరు పెట్టుకుంటారు? రేషన్ కార్డు కూడా తీసేశారట. "కంపిని ఉన్నోళ్లకు సర్కారు బియ్యం ఎందుకన్నరట" అని నవ్వాడు. నవ్వి, నన్ను కింది నుంచి పైకి చూశాడు. "గింతకు నువ్వేమైతవ్ ఆమెకు?"

"ఏమీ కానండీ."

"మరెందుకు అడుగుతున్నవ్?"

జీవితమంతా ఇతరుల్ని అనుమానించి బతికినవాణ్ణి. ఆయన కళ్లలో అనుమానం చూసి తట్టుకోలేకపోయాను. ఒక బిస్కెట్ ప్యాకెట్ కొని వచ్చేశాను.

ఆ రోజు ఆమె నన్ను అడిగినప్పుడే చెప్పి ఉంటే? అప్పటికింకా ఆ కంపెనీకి ఇంగ్లండు వాళ్ల జాబితా రాలేదు. అక్క బిడ్డని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్లి, నాతో మోసం చేసి సంతకాలు పెట్టించుకున్నారని చెప్పేది. ఫిర్యాదు చేసిన మనిషి అయ్యేది. ముద్దాయి కాదు. అల్లం దంచేంతసేపు పట్టేది నాకు ఆ మాట చెప్పడానికి.

పోయిన నెలలో ఆమెను చూశాను. మదీనాగూడలో మా ఇంటి దగ్గరి సూపర్ బజార్లో. నేల తుడుస్తోంది. జుట్టు సగం నెరిసింది. ముక్కుకి ఒక పుడకే ఉంది. నన్ను చూసి కర్ర ఆపింది. "నువ్వు పీఎఫ్ సారువు గదూ?" అంది. నా చేతిలో నూనె ప్యాకెట్ జారిపోయింది. అక్కడే, పప్పుల వరసలో, అంతా చెప్పేశాను. కాయితాలు ఏమిటో నాకు ముందే తెలుసని, తెలిసే అబద్ధం చెప్పానని, పోలీసుల దగ్గర కూడా నోరు విప్పలేదని. ఆమె కర్ర మీద చెయ్యి ఆనించి విన్నది. "నువ్వు జెప్పినా నేనేం జేస్తుంటి సారూ? సంతకం అప్పటికే వెట్టితి. మనసుల వెట్టుకోకు తియ్" అంది. కొంచెం నవ్వింది కూడా. ఆ రోజు ఇంటికెళ్లి ఆరేళ్ల తర్వాత ప్రశాంతంగా భోంచేశాను.

ఇచ్చిన మాట ఇప్పుడు నిలబెట్టుకోవాలి.

నేను కల్పించింది ఇదే. నలభై మందిని నాలుగు వందలన్నది, ముప్పై ఆరు పళ్లన్నది పెద్ద సంగతి కాదు. ఈ సూపర్ బజారు మాటలు పూర్తిగా లేనివి. ఆమెను చూసిన మాట నిజం. నేల తుడుస్తున్న మాట నిజం. నేను పప్పుల వరసలో నిలబడ్డ మాట నిజం. ఆమె నన్ను గుర్తు పట్టలేదు. బకెట్ జరుపుకుంటూ నా దాకా వచ్చి, తల ఎత్తకుండా, "జర జరుగు సారూ" అంది. జరిగాను. నేను నిలబడ్డ చోట తుడిచి ముందుకి వెళ్లిపోయింది. అంతే.

మరి ఆ క్షమ ఎక్కణ్ణించి వచ్చింది? 'నువ్వు జెప్పినా నేనేం జేస్తుంటి' అన్నది ఆమె మాట కాదు. ఆరేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న సాకు. దాన్ని ఆమె యాసలో పెట్టి, ఆమె నోట అనిపించాను. ఎండీ ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. నేను ఆమె చేత నన్ను క్షమింపజేసుకున్నాను. ఇద్దరమూ ఆమెను అడగలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. ఆమె వకీలు ఎవరో కనుక్కున్నాను. ఆయన ఆఫీసు మెట్లు నాకు తెలుసు. రెండుసార్లు సగం దాకా ఎక్కాను. రేపు పూర్తిగా ఎక్కుతానని రాయొచ్చు. రాస్తే అది అతిశయోక్తి అవుతుందేమోనని ఆగిపోతున్నాను. మీరు నన్ను నమ్మనక్కర్లేదు. క్షమించడం మీ చేతిలో లేదు, కాబట్టి అదీ అడగను. కానీ ఒక్కటి మాత్రం చెప్పాలి.

ఆ కాయితాలు ఏమిటో నాకు తెలుసు. ఆమె నన్ను అడిగింది. నేను అబద్ధం చెప్పాను.

రాశాక మళ్లీ చదివి చూసుకున్నాను. ఈ మూడు వాక్యాల్లో పదితో భాగించాల్సింది ఏమీ లేదు.